ఫ్యూజు మనదా, వీధిదా?

కరెంటు పోగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసే మొదటి పని వీధిలోకి తొంగి చూడటం. పక్కింట్లోనూ దీపం లేకపోతే ‘అందరికీ పోయిందిలే’ అని నిమ్మళంగా విసనకర్ర అందుకుంటారు. పక్కింట్లో వెలుగుతుంటే మన ఫ్యూజు చూస్తారు. ఏ బడిలోనూ చెప్పని తెలివి అది. చిత్రమేమిటంటే, వైఫై ఆగిపోతే మాత్రం అదే పెద్దాయన చేతులెత్తేసి అమెరికాలో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తాడు.

‘ఏరా, నెట్ రావట్లేదు.’

‘రూటర్ మీద ఏ లైట్లు వెలుగుతున్నాయి నాన్నా?’

‘అన్నీ వెలుగుతున్నాయి.’

‘అన్నీ అంటే?’

తగువు మొదలయ్యేది ఇక్కడే. అక్కడ కొడుకు ఆఫీసుకి బయల్దేరే వేళ, ఇక్కడ తండ్రి పడుకునే వేళ. పది నిమిషాలయ్యేసరికి ఇద్దరి గొంతులూ పెరుగుతాయి. ల్యాప్‌టాప్‌లో మనవరాలిని చూద్దామని కూర్చున్న నాయనమ్మ, ఇక ఇవాళ్టికి ఇంతేననుకుని మెల్లగా లేచి వెళ్లిపోతుంది. ఎవరి తప్పూ లేదు. అడగాల్సిన మొదటి ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే.

కరెంటులాగే దీనికీ రెండు భాగాలున్నాయి. బయటి నుంచి రూటర్ దాకా వచ్చే తీగ ఒకటి. రూటర్ నుంచి కంప్యూటర్ దాకా గాల్లో నడిచే దారి రెండోది. మొదటిది వీధి వ్యవహారం, రెండోది ఇంటి వ్యవహారం. చెడింది ఏదో తేల్చుకోవడానికి పక్కింటి దీపం చూసినట్టే ఇంకో యంత్రాన్ని చూడాలి. ల్యాప్‌టాప్‌లో నెట్ రాకపోతే, అదే వైఫై మీద ఫోన్‌లో వస్తోందా? చూసేముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయాలి. లేకపోతే ఫోన్ తన సొంత నెట్ చూపించి మనల్ని మోసం చేస్తుంది.

దేంట్లోనూ రావట్లేదా? రూటర్‌ని ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, కంగారు వద్దు. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో పెట్టె మీద సాధారణంగా ‘ఎల్‌ఓఎస్’ అని చిన్న లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే బయటి నుంచి సిగ్నల్ పెట్టె దాకా సరిగ్గా చేరడం లేదన్నమాట. తీగ ఊడిందేమో, బాగా వంగిందేమో చూసి, కనెక్షన్ ఇచ్చినవాళ్లకి కబురు చేయడమే.

ఫోన్‌లో వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే లోపం చాలావరకు ల్యాప్‌టాప్‌దే. అందులో వైఫై పేరును ఒకసారి తీసేసి, పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ కలిపితే ఎన్నో కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే నెట్‌వర్క్ వివరాల్లో ఐపీ నంబరు చూడాలి. ఇంట్లోని ప్రతి యంత్రానికీ రూటర్ ఒక నంబరు ఇస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168తో మొదలవుతుంది. అక్కడ 169.254 కనిపిస్తే, రూటర్ నుంచి నంబరు అందక కంప్యూటర్ తనకు తానే ఒకటి తగిలించుకుందని అర్థం. వైఫై ఆపి వేసినా మారకపోతే రెండింటినీ ఒకసారి ఆపి మొదలుపెట్టాలి.

హాల్లో వచ్చి పడగ్గదిలో రాకపోవడం ఇంకో రకం. మన ఇళ్లలో తీగ ఎక్కడ ఆగితే రూటర్ అక్కడే, బీరువా వెనకైనా సరే! ఇనుప బీరువా, కాంక్రీటు గోడ వైఫైకి పెద్ద అడ్డు. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటే 5 వేగమైంది, కానీ గోడ దగ్గర త్వరగా అలసిపోతుంది. 2.4 దూరం పోతుంది గానీ అక్కడ రద్దీ ఎక్కువ. 2005 నుంచి మన దేశంలో ఇళ్లలో దాన్ని వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి, అపార్ట్‌మెంటులో అందరి రూటర్లూ అక్కడే గుమిగూడతాయి. మైక్రోవేవ్ ఓవెన్‌దీ దాదాపు అదే తరంగం. పాప్‌కార్న్ పేలుతున్నంతసేపు వీడియో తడబడటం అందుకే.

ఒక్క జాగ్రత్త. రూటర్ వెనక పిన్నుతో నొక్కే చిన్న గుంట ఉంటుంది. దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఆపి వేసినట్టు కాదు, పాస్‌వర్డ్‌తో సహా లోపలి ఏర్పాట్లన్నీ చెరిగిపోతాయి. అప్పటిదాకా చిన్నదైన సమస్య అక్కడ పెద్దదవుతుంది.

ఈసారి సెలవులకి వచ్చిన పిల్లలు కొత్త రూటర్ కొనేకన్నా ఒక పని చేస్తే మేలు. నాన్న చేతనే ఒకసారి ఇవన్నీ చేయించి చూడాలి. గ్యాస్ వాళ్ల నంబరు రాసుకునే పుస్తకంలోనే వైఫై పేరు, పాస్‌వర్డ్, కస్టమర్ నంబరు, ఫిర్యాదుకి ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించాలి. చేతిరాత ఆయనదే అయితే ఇంకా మంచిది.