రెండు నదుల ఊరు... కాళేశ్వరం

గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. గుడి దాటితే ఒకటిగా కలిసే రెండు నదులు. అవతలి గట్టున మరో రాష్ట్రం! ఇప్పుడు కాళేశ్వరం అంటే అందరికీ ప్రాజెక్టే గుర్తొస్తుంది కానీ, ఆ పేరు అసలు ఈ చిన్న ఊరిది.

వరంగల్ నుంచి పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్‌ల మీదుగా సుమారు 115 కిలోమీటర్లు ప్రయాణిస్తే కాళేశ్వరం వస్తుంది. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది.

శ్రీశైలం, ద్రాక్షారామాలతో పాటు త్రిలింగ క్షేత్రాల్లో ఇదొకటి. రెండు లింగాల్లో ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తేశ్వరుడిది. ముక్తేశ్వర లింగానికున్న రంధ్రాల్లో పోసిన నీళ్లు సంగమానికి చేరతాయని భక్తుల నమ్మకం. కంటికి కనిపించని సరస్వతీ ఇక్కడే కలుస్తుందంటారు. అందుకే గోదావరి (2015), ప్రాణహిత (2022), సరస్వతి (2025)... మూడు నదుల పుష్కరాలూ ఈ ఊళ్లో జరిగాయి.

వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. ఆ పేరుతో పారేది 113 కిలోమీటర్లే అయినా, గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా దీనిదే. ఎగువన శ్రీరాంసాగర్‌లో ఆగిన గోదావరి ఇక్కడ మళ్లీ నిండుగా కనిపిస్తుందంటే అది ప్రాణహిత చలవే.

ఈ నీళ్ల మీద ఆశలు ఈనాటివి కావు. అవతలి గట్టున మహారాష్ట్రలోని సిరోంచ 1860లో నిజాం చేతుల్లోంచి బ్రిటిష్ వారికి వెళ్లింది. నాగపూర్ వైపు పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలన్నది ఆర్థర్ కాటన్ కల. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర నదిలోని బండలే అడ్డం. ఏళ్ల తరబడి పనులు చేశారు. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. 1871లో పడవల పథకం ఆగిపోయింది.

నూటయాభై ఏళ్ల తర్వాత మరో కల. సంగమానికి దిగువన మేడిగడ్డ బ్యారేజీకి 2016లో శంకుస్థాపన జరిగింది. 2019 జూన్ 21న ప్రాజెక్టు ప్రారంభమైంది. 2022 జులైలో గోదావరి 1986 నాటి వరదను కూడా మించి పోటెత్తి, కన్నెపల్లి పంపుహౌస్‌ను ముంచేసింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. అప్పట్నుంచీ ఊరి పేరు వినిపించినప్పుడల్లా వివాదమే. ఊరు చేసిన తప్పేమీ లేదు... పేరు ఇచ్చిందంతే!

సిరోంచలోనూ తెలుగు మాటే వినిపిస్తుంది. గోదావరి మీద వంతెన దాటితే చాలు, అక్కడుంటారు. వానలు తగ్గాక, చలికాలంలో వెళ్తే మంచిది. ప్రాజెక్టు చూడ్డానికే బయల్దేరినా, ముందు సంగమం ఒడ్డున కాసేపు నిలబడండి. వందన్నర ఏళ్లుగా అందరూ ఆశపడుతున్న నీళ్లు అవే.