జాఫ్నా రైలుమార్గము

సింహళద్వీపమునకు ఉత్తరపు కొనను జాఫ్నా యను పట్టణము కలదు. అచ్చటి తమిళులు దానిని యాళ్ప్పాణమందురు. కొలంబోనగరమునుండి యచ్చటికి సుమారు 400 కిలోమీటర్ల రైలుమార్గము. ఈ మార్గము ఒకమారు నిర్మింపబడి, యుద్ధమున నశించి, పొరుగుదేశపు ఋణముతో మరల వెలసినది. ఇంట అప్పు తెచ్చుటయు, దానిని తీర్చుటయు నెట్టివో యెరిగిన సోదరీమణులకు దీని చరిత్రము తెలియదగినది.

కొలంబోలో కోట స్టేషనున బండి యెక్కినవారికి తొలుత కొబ్బరితోటలును, పచ్చని వరిచేలును కన్పట్టును. పొల్గహవెల కడ కొండసీమకు బోవు మార్గము వేరుపడును. కురునాగల, మాహో దాటినకొలది నేల మెట్టయగును. పూర్వరాజులు కట్టించిన చెరువులు కానవచ్చును. అనూరాధపురమున బుద్ధగయనుండి తెచ్చి నాటిన బోధివృక్షశాఖ నేటికిని పూజలందుచున్నది. వవునియా చేరునప్పటికి వినవచ్చు భాష మారును. నొసట విభూతిరేఖలు కనబడును. ఓమంతై, కిలినొచ్చి గడచిన పిదప ఆనయిరవు వచ్చును. ఏనుగులు దాటిన చోటగుటచే దానికా పేరు కలిగినదందురు. అచ్చట నేల మిక్కిలి సన్నగిల్లి, ఇరుప్రక్కల ఉప్పునీరు నిలిచియుండును. ఆపైన తాటిచెట్లు, ఎర్రమన్ను, బావినీటితో పండు తోటలు. జాఫ్నా దాటి, కాంకేశన్‌తురై యొద్ద సముద్రతీరమున పట్టాలు ముగియును.

ఈ మార్గము 1905వ సంవత్సరమునాటికి కొలంబోను జాఫ్నాతో కలిపినది. దీని శాఖ యొకటి మెదవచ్చియనుండి తలైమన్నారు రేవునకు బోవును. 1914 మొదలుకొని మన చెన్నపట్టణమున రైలెక్కినవారు ధనుష్కోటిలో ఓడయెక్కి, తలైమన్నారున మరల రైలెక్కి కొలంబో చేరుచుండిరి. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి పాడగుటతో ఆ ప్రయాణరీతి చెడినది. 1956లో నారంభమైన యాళ్‌దేవి యను బండి మాత్రము దక్షిణోత్తరములకు నడుమ బంధువువలె తిరుగుచుండెను. అంతర్యుద్ధము ముదిరి, 1990 జూన్‌లో అదియు జాఫ్నాకు పోవుట మానినది. పిదప పట్టాలును, వాని క్రింది దూలములును పెరికివేయబడి సైనికుల కందకములకు పైకప్పులైనవి. స్టేషనులు మొండిగోడలై నిలిచినవి. దారిపొడవున చెట్లు మొలచినవి.

2009 మే నెలలో యుద్ధము ముగిసినది. దేశము మిక్కిలి అలసియుండెను. అప్పుడు భారతప్రభుత్వము ఉత్తరపు మార్గమునకై సుమారు 80 కోట్ల డాలర్ల ఋణసౌకర్యము నొసగినది. ఇట్టి ఋణము సొమ్ముగా చేతికి రాదు. భారతదేశపు ఎగుమతి దిగుమతి బ్యాంకు ఆ సొమ్మును పనిచేయు సంస్థకే చెల్లించును. ఋణపత్రము మాత్రము లంకప్రభుత్వము పేర నుండును. ఇచట ఆ పని భారతప్రభుత్వ సంస్థయగు ఇర్కాన్ చేసినది. కావున నిచ్చువారికిని ఇందు లాభము లేకపోలేదు.

దాదాపు 250 కిలోమీటర్ల మార్గము మరల వేయబడినది. బండి 2013 సెప్టెంబరులో కిలినొచ్చికి, 2014 మార్చిలో పళ్లైకి, అక్టోబరు 13వ తేదీన జాఫ్నాకు చేరినది. ఇరువదినాలుగేండ్లలో నచ్చట పుట్టి పెరిగిన పిల్లలు తమ యూరి స్టేషనునకు రైలు వచ్చుట అంతకుముందు చూచియెరుగరు. కొలంబో ఆసుపత్రులకు బోవు వృద్ధులకును, చదువులకై దూరమేగిన బిడ్డలను చూడబోవు తల్లులకును ఇది యెంత మేలో చెప్పనక్కరలేదు.

అయినను అప్పు అప్పే. ఇందొక మెలిక కలదు. టిక్కెట్లవలన వచ్చునది లంక రూపాయలు, తీర్పవలసినది డాలర్లు. వడ్లు పండు ఇంట బంగారముతో తీర్చెదమని పత్రము వ్రాసినట్లున్నది. 2014లో సుమారు 130 రూపాయలుండిన డాలరు వెల, 2022 నాటి సంక్షోభమున 360 వరకు పెరిగినది. రైలు అదే, పట్టాలు అవే. ఋణభారము మాత్రము రూపాయలలో రమారమి మూడింతలయ్యెను.

ఆ యేడు ఏప్రిల్‌లో లంకప్రభుత్వము విదేశీఋణముల చెల్లింపును నిలిపివేసినది. దానికి ఈ యొక్క మార్గమే కారణము కాదు. పెక్కు అప్పులును, తగ్గించిన పన్నులును, యాత్రికుల రాక తగ్గుటయు కలిసి తెచ్చిన విపత్తది. కాని యా కష్టము తొలుత తాకినది వంటయింటినే. గ్యాసు కొరకు స్త్రీలు వరుసలలో నిలిచిరి. దొరకనివారు కట్టెలపొయ్యి రాజేసిరి.

2024 జూన్‌లో ఋణదాతల సంఘముతో ఒప్పందము కుదిరినది. భారతదేశము కొన్ని ఋణములపై వడ్డీ తగ్గించి, కొన్నింటిని దానముగా మార్చినది. మాహోనుండి ఓమంతై వరకు 128 కిలోమీటర్ల పాతమార్గమును సుమారు 9 కోట్ల డాలర్ల భారతఋణముతో బాగుచేసి, 2025 ఏప్రిల్ 6వ తేదీన ప్రారంభించిరి. మాహో, అనూరాధపురముల నడిమి సంకేతదీపముల యేర్పాటునకిచ్చిన ఋణము దానమైనది. ఆనాడే సముద్రమున కీవల పాంబను క్రొత్తవంతెనయు తెరవబడినది. ఆ నవంబరులో వచ్చిన తుపాను లంకలోని రైలుమార్గములను పెక్కుచోట్ల పాడుచేసినది. వరద కట్టను కోసికొనిపోవును గాని, ఋణపత్రమును కొనిపోదు.

అందుచే అప్పు చేయరాదని కాదు. నగకై చేసిన అప్పునకును, నూతికై చేసిన అప్పునకును భేదము కలదు. విడిపోయిన ప్రజలను కలుపు మార్గము నూతివంటిదే. కాని బుద్ధిమంతురాలగు గృహిణి పత్రమునకు ముందు మూడు ప్రశ్నలు వేయును: ఇది యెవరికుపయోగము? ఏ కొలతతో మరల నీయవలెను? పంట పండని యేడు ఏమి చేయుదుము? మొదటిదానికి జాఫ్నా మార్గము చక్కని యుత్తరమిచ్చినది. తక్కిన రెండింటిని ముందుగా తూచని దేశమున వాని యుత్తరమును గ్యాసువరుసలలో నిలిచిన స్త్రీలు చెప్పవలసివచ్చినది.