నునుపైన అంచు

అట్ట అంచు ఎంత నునుపుగా తెగితే పనితనం అంత గొప్పదని, రాజమండ్రిలో నాకు బైండింగు నేర్పిన మేస్త్రి అంటూండేవాడు. నా చేతులారా నేను చేసిన ఒక పెద్ద పొరపాటుకు ఆ పాఠమే మూలమైంది.

1974లో కెనడా చేరి ఆంటారియో రాష్ట్రంలో స్థిరపడ్డాను. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి మా అబ్బాయికి ఐస్ హాకీ పిచ్చి పట్టుకుంది. మనకు క్రికెట్టు ఎట్లాగో అక్కడ అది అట్లాగు. చూయింగ్ గమ్ పొట్లాలలో ఆటగాళ్ళ బొమ్మల కార్డులు వచ్చేవి. అదే రాష్ట్రంలోని లండన్ నగరానికి చెందిన ఓ-పీ-చీ కంపెనీ వాటిని అమ్మేది. 1979-80 వరుసలో 18వ నెంబరు కార్డు వేన్ గ్రెట్జ్‌కీది. ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టులో కొత్తగా వెలుగుతున్న కుర్రవాడు. బొమ్మ చుట్టూ నీలిరంగు పట్టీ.

ఆ కార్డుల అంచులు మాత్రం నా కంటికి ఆనలేదు. కోసినట్లు గాక ఎలుక కొరికినట్లుండేవి. పీచు బయటికి పొడుచుకు వచ్చేది. పెద్ద షీట్లను ఆ కంపెనీ కత్తితో కాకుండా తీగతో విడదీసేదని సేకర్తలు చెప్పగా చాలాకాలానికి తెలిసింది. ఒక ఆదివారం, "వీటిని బాగుచేసి పెట్టు నాన్నా" అన్నాడు అబ్బాయి. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు తీసుకుని కూర్చున్నాను. మొదటిది గ్రెట్జ్‌కీ కార్డే. వాడు ఊపిరి బిగబట్టి నా చేతివంకే చూశాడు. నాలుగు ముగిసేసరికి భోజనానికి పిలుపు వచ్చింది. మిగిలినవి అట్లాగే డబ్బాలోకి వెళ్ళిపోయాయి.

2021లో ఆ 18వ నెంబరు కార్డే, పదికి పది మార్కులు పొందిన ప్రతి ఒకటి, 37.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అన్ని మార్కులు వచ్చినవి అప్పటికి రెండే. మా అబ్బాయి అటకమీది డబ్బా దింపి, కార్డులను పరీక్షకు పంపాడు.

పరీక్షకులు మూలలు, అంచులు, ముద్రణ నిగనిగ, బొమ్మ నడిమధ్యన పడిందా లేదా అన్నవి చూస్తారు. ఫ్యాక్టరీలోనే పుట్టిన గరుకును వారు పెద్ద దోషంగా ఎంచరు; చేతులు మారి అరిగినదే దోషం. నీలిరంగు కనుక రవ్వంత రాలినా తెల్లగా బయటపడుతుంది. విచిత్రమేమంటే, ఓ-పీ-చీ కార్డుకు ఆ గరుకే మంచి సాక్ష్యం. అంచు మరీ నున్నగా ఉంటే భూతద్దం తీస్తారు. పక్క కార్డుతో కొలత పోల్చి చూస్తారు. కోసినదని తేలితే అంకె వేయనే వేయరు.

నేను ముట్టని కార్డు ఒకటి, పీచుతో సహా, ఎనిమిది మార్కులతో తిరిగి వచ్చింది. గ్రెట్జ్‌కీ కార్డు అంకె లేకుండా వచ్చింది.

నాకు మాట పెగల్లేదు. యాభై దాటిన కొడుకు నా పక్కన కూర్చుని, "ఆవేళ అడిగింది నేనే గదా నాన్నా" అన్నాడు. కాసేపాగి, "దీన్ని అమ్మను. నీ దగ్గరే ఉంచు" అని నా చేతిలో పెట్టాడు.

రాత్రి స్కేలు ఆనించి చూశాను. పక్క కార్డుకంటే అర మిల్లీమీటరు పొట్టి. అంచు మాత్రం, మేస్త్రి చూస్తే భుజం తట్టేటంత నునుపు.