పార్కులేనులో ఒక పూట

సికిందరాబాదు వెళ్ళేవాళ్ళు సాధారణంగా మూడు పనులమీద వెళతారు. రైలెక్కడానికి, పెళ్ళిబట్టలు కొనడానికి, బిర్యానీ తినడానికి. నాలుగో పనిమీద వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారని నాకు మొన్న శ్రావణమాసం దాకా తెలియదు. వాళ్ళ చేతుల్లో దుప్పట్లో చుట్టిన ఇనుప పెట్టెలుంటాయి. ముఖాలు చూస్తే జబ్బుబిడ్డను ఆస్పత్రికి మోసుకుపోతున్నట్లుంటాయి. వాళ్ళంతా పార్కులేనుకు వెళుతున్నారన్నమాట. ఆ రోజున మేమూ అలాగే వెళ్ళాం.

సంగతేమంటే, జనగామలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు సొంతంగా ఒక కంప్యూటరు కట్టుకున్నాడు. ఆటలాడుకోవచ్చు, వీడియోలు కూర్చే పని నేర్చుకుని నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు అని వాడి ఆలోచన. మా చెల్లెలు చిట్టీ ఎత్తి ఎనభైరెండు వేలు వాడి చేతిలో పెట్టింది. అందులో ముప్పైవేల చిల్లర ఒక్క గ్రాఫిక్సు కార్డుకే అయింది. మా బావకు మొదటినుంచీ ఇది ఇష్టం లేదు. "చిట్టీకి ఇంకా పన్నెండు కిస్తీలు కట్టాలె. ఆ డబ్బా నడవకపోతే దసరాకు అమ్మి పారేస్త," అని ఖండితంగా చెప్పేశాడు.

తీరా అన్నీ బిగించి మీట నొక్కితే పంకాలు తిరిగాయి, రంగు దీపాలు వెలిగాయి, తెరమీద మాత్రం చీకటి. ఒక్క క్షణం "సిగ్నలు లేదు" అని అక్షరాలు కనిపించడం, మళ్ళీ చీకటి. ఎనిమిది రోజులు కుర్రాడు తిండి సరిగా తినలేదు. కార్డు అమ్మిన దుకాణానికి ఫోను చేస్తే, కంపెనీకి పంపుతాం, మూడు వారాలు పడుతుందన్నారు. మా చెల్లెలు నాకు కబురు పెట్టింది. కంప్యూటరు గురించి నాకు తెలిసింది సున్న. కాని మేనమామనైనందుకు పెట్టె మోయక తప్పదు గదా!

తెల్లవారుజామునే ఉప్పల్ బస్సెక్కాం. ఆలేరు దాటి భువనగిరి వచ్చేసరికి కోటగుట్టమీద ఎండ పడుతోంది. ఆ ఏకశిలను చూస్తే నాకు ఎప్పుడూ ఏనుగు పడుకున్నట్లే ఉంటుంది. కుర్రాడు మాత్రం అటు కన్నెత్తి చూడలేదు. పెట్టె నా ఒళ్ళో, కార్డు విడిగా దాని అట్టపెట్టెలో వాడి ఒళ్ళో. బరువైన కార్డును బోర్డులోనే ఉంచి ప్రయాణం చేస్తే కుదుపులకు అది కూర్చునే గాడి విరుగుతుందట. అంత జాగ్రత్త తెలిసినవాడికి ఈ కష్టమేమిటా అని నాకు జాలేసింది.

ఉప్పల్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ మీదుగా పోతుంటే నెత్తిమీద మెట్రోరైలు వంతెన మా వెంటే వస్తుంది. 2017 నవంబరులో ఈ దారిన మెట్రో మొదలయింది. చేతిలో పెట్టె లేనివాళ్ళయితే ఉప్పల్‌లో ఎక్కి ప్యారడైజు స్టేషనులో దిగి పార్కులేనుకు నడిచి పోవచ్చు.

సికిందరాబాదు 1806లో వెలసిన ఊరు. మూడవ నిజాము సికిందర్ జా పేరుమీద ఇంగ్లీషు పటాలాల కోసం ఏర్పడింది. అందుకే ఇక్కడి పేర్లలో పరేడు మైదానాలు, పార్కులేనులు కనిపిస్తాయి. 1953లో సినిమాహాలు పక్కన చిన్న క్యాంటీనుగా మొదలైన ప్యారడైజు హోటలు పేరు ఇప్పుడు ఆ కూడలికే వచ్చింది. దానికి దగ్గరలోనే పార్కులేను, అందులో చెనాయ్ ట్రేడ్ సెంటరు. అంత పేరు ఎవరూ పలకరు. "సీటీసీ" అంటే ఆటోవాడు సరాసరి తెచ్చి దింపుతాడు.

అది ఒక భవనమనడం కంటె సంత అనడం మేలు. ఇరుకు నడవలు, రెండు పక్కలా గదులంత దుకాణాలు, నేలనుంచి కప్పుదాకా అట్టపెట్టెలు. ఒకచోట ప్రింటరు సిరాలు, ఇంకొకచోట దొంగల్ని పట్టే కెమెరాలు. పెట్టెలు మోసుకుంటూ "జరుగు, జరుగు" అని కేకలు వేసే కుర్రాళ్ళు, వాళ్ళ చంకల కిందనుంచి దూరి వచ్చే చాయ్ కుర్రాడు. తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ కలిపి ఒకే వాక్యంలో బేరం చేస్తారు. ఎవరిని చూసినా "అన్నా", ఎవరు పిలిచినా "భాయ్".

నలుగురిని అడిగితే నలుగురూ పై అంతస్తులో ఒక మూలనున్న దుకాణం చూపించారు. ఆయన్ను అందరూ "ఉస్తాద్" అంటారు. అరవై దాటిన మనిషి. కళ్ళద్దాలు నుదుటిమీద, స్క్రూడ్రైవరు చెవిమీద. బల్లమీద పాత కార్డులు, గోడన తీగెల గుత్తులు. మా కుర్రాడు గబగబా, "కార్డు చచ్చిపోయింది ఉస్తాద్," అన్నాడు. ఆయన, "నువ్వే డాక్టరువైతే నా దగ్గరికెందుకొచ్చినవ్ బేటా? కూర్చో, చాయ్ తాగు," అన్నాడు.

చాయ్ తాగుతూనే ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఒక్కసారైనా బొమ్మ వచ్చిందా? లేదు. తెరనుంచి వచ్చే తీగె ఎక్కడ పెట్టావు? కార్డుకే పెట్టానన్నాడు వాడు. "శాబాష్. చాలామంది బోర్డు వెనక ఉన్న రంధ్రంలో పెడతారు," అన్నాడు ఉస్తాద్. వాడు కొన్న ప్రాసెసరు ఇంటెల్ వారి ఐ5 12400ఎఫ్. చివరనున్న ఆ "ఎఫ్" అక్షరానికి అర్థం, అందులో బొమ్మ గీసే భాగం లేదని. అలాంటప్పుడు బోర్డు రంధ్రంలో తీగె పెట్టుకుని జన్మంతా కూర్చున్నా చీకటే.

నాబోటి వాళ్ళకోసం ఒక మాట. ప్రాసెసరంటే లెక్కలన్నీ చూసే గుమాస్తా. వీడి గుమాస్తాకు బుర్రలు ఆరు. కాని తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అంటే ఇరవై లక్షల పైచిలుకు. ఆట ఆడుతుంటే సెకనుకు అరవైసార్లు వాటన్నిటికీ రంగు వెయ్యాలి. అది గుమాస్తా పని కాదు, నాట్లు వేసే కూలీల పని. వీడు కొన్న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో అటువంటి చిన్న బుర్రలు 3584 ఉన్నాయట. కూలీలెక్కువైతే కూడు కూడా ఎక్కువ కావాలి. ఈ కార్డు పని ఉధృతంగా ఉన్నప్పుడు 170 వాట్లు తాగుతుంది.

ఉస్తాద్ పెట్టె విప్పి, కుర్రాడు తెచ్చిన కార్డు అందులో పెట్టి, మీట నొక్కాడు. బోర్డు అంచున నాలుగు చిన్న దీపాలున్నాయి. ప్రాసెసరుకొకటి, మెమరీకొకటి, గ్రాఫిక్సుకొకటి, డిస్కుకొకటి. ఒక్కొక్కటే వెలిగి ఆరుతూ పోవాలి. మూడోది వెలిగి అలాగే నిలిచిపోయింది. తెర చీకటి. "చూశారా, కార్డే!" అన్నాడు మావాడు ఏడుపు గొంతుతో.

ఉస్తాద్ మాట్లాడకుండా కరెంటు ఆపి, ఆ కార్డు తీసి, బల్లమీదినుంచి అగ్గిపెట్టెలంత పంకా ఉన్న పాత కార్డొకటి పెట్టాడు. నొక్కగానే బొమ్మ వచ్చింది! అంటే బోర్డు మంచిదే, మెమరీ మంచిదే, తెరా తీగే మంచివే. కుర్రాడి ముఖం ఇంకా నల్లబడింది. ఇక మిగిలింది వాడి కార్డే గదా! ముప్పైవేలు!

ఉస్తాద్ ఆ కార్డును తీసుకుపోయి తన పరీక్ష యంత్రంలో పెట్టాడు. అక్కడా నిక్షేపంలాగా బొమ్మ వచ్చింది.

నాకు మతి పోయింది. పెళ్ళికొడుకు మంచివాడే, పెళ్ళికూతురు మంచిదే, కాపురం మాత్రం కుదరడం లేదన్నట్లుంది. "బోర్డులోని పాత ప్రోగ్రాముకు ఈ కార్డు సరిపడదేమో, దాన్ని మార్చాలేమో," అన్నాడు కుర్రాడు. "ఉండొచ్చు. కాని ఖర్చులేని అనుమానాలన్నీ అయ్యాక పెద్ద అనుమానం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెల్వదు," అన్నాడు ఉస్తాద్. తర్వాత కార్డు వాడి చేతికే ఇచ్చి, "ఇంట్ల ఎట్ల పెట్టినవో అట్లనే పెట్టు. నేను చూస్త," అన్నాడు.

వాడు పెట్టాడు. కార్డు గాడిలో టిక్కుమని కూర్చుంది. తరవాత కరెంటు తీగె అందుకుని కార్డు నెత్తిన గుచ్చాడు. ఉస్తాద్ కళ్ళద్దాలు దించుకుని, "ఆగు. ఇప్పుడు నీ గోరు అక్కడ పెట్టి చూడు," అన్నాడు.

ఆ తీగె చివరి ప్లగ్గులో ఎనిమిది రంధ్రాలు. కాని అది ఒకే ముక్క కాదు. ఆరింటిది ఒక ముక్క, రెండింటిది ఇంకొక ముక్క, రెండూ జతగా పట్టి నొక్కాలి. వాడు నొక్కినప్పుడల్లా ఆరు లోపలికి పోతున్నాయి, ఆ రెండూ వెనక్కి జారి గోరుమందం బయటే నిలుస్తున్నాయి. ఇంట్లో కార్డు అయిదుసార్లు తీసి పెట్టాడు. అయిదుసార్లూ అదే తప్పు చేశాడు. ఉస్తాద్ కూడా మొదట వాడి పెట్టెలోని తీగె పెట్టినప్పుడు ఆ రెండు ముక్కలు వదులుగా ఉన్న సంగతి గమనించలేదట. "మొదటిసారి నేనూ మోసపోయిన," అని ఒప్పుకున్నాడు.

లెక్క ఇదీ. బోర్డు గాడినుంచి వచ్చేది డెబ్భై అయిదు వాట్లే. పాత చిన్నకార్డుకు అది చాలు, అందుకే బతికింది. ఆరు రంధ్రాల ప్లగ్గు మరో డెబ్భై అయిదు, ఎనిమిదయితే నూటయాభై ఇవ్వగలవు. ఆ అదనపు రెంటి ముఖ్యమైన పని, నిండు భోజనం సిద్ధంగా ఉందని కార్డుకు కబురు చెప్పడం. కబురు అందకపోతే కార్డు పనికి దిగదు. ఉస్తాద్ యంత్రంలో తీగె వేరు, అందుకే అక్కడ పనిచేసింది.

రెండు ముక్కలూ వేళ్ళతో జతపట్టి నొక్కించాడు. టిక్కుమంది. మీట నొక్కితే నాలుగు దీపాలూ వరసగా వెలిగి ఆరాయి. బొమ్మ వచ్చింది. కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఉస్తాద్ అంతటితో వదల్లేదు. "బొమ్మ రావడం సగమే. పని చేయిస్తే నిలవాలె," అని అరగంట సేపు బరువైన పరీక్ష పెట్టాడు. కార్డు వేడి 71 డిగ్రీల దగ్గర నిలిచింది. ఇలాంటి కార్డులు 83 డిగ్రీల దరికి వస్తే తామే వేగం తగ్గించుకుంటాయట. ఆ అరగంటలో మరికొన్ని సంగతులు చెప్పాడు. ప్రాసెసరుకు పెట్టే ప్లగ్గు కూడా చూపుకు ఇలాగే ఉంటుంది, అది ఇక్కడ బలవంతాన దూర్చకూడదు. ఒక పవరు సప్లై తీగె ఇంకొకదానికి వాడితే కార్డు కాలిపోవచ్చు. ఆడుతుంటే తెర మినుకుమంటే, పాత డ్రైవరును సేఫ్ మోడులో పూర్తిగా తుడిచి కొత్తది వేసుకోవాలి. ఇంట్లో ఎర్తింగు చూపించుకోవాలి.

గోడవారగా కార్డుల గుట్ట ఒకటి ఉంది. అవి ఈథరు నాణేలు తవ్విన కార్డులట. 2021లో ఆ తవ్వకాలకోసం ప్రపంచమంతటా కార్డులు దొరక్క ధరలు మండిపోయాయి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం వాళ్ళు పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో ఆ నాణెం తవ్వే పని ఆగిపోయింది. అవన్నీ సంతల్లోకి వచ్చిపడ్డాయి. "పనిచేసిన ఎద్దు పనికిరాదనను. కాని పళ్ళు చూడకుండ కొనకు," అన్నాడు ఉస్తాద్.

మూడువందలు తీసుకున్నాడు. సాయంత్రం బస్సులో కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. ఘట్‌కేసర్ దాటాక, "మామా, కార్డు ఖరాబైతే మార్చి ఇచ్చిన్రని నాన్నకు చెబుదామా?" అన్నాడు. "చెప్పేది నువ్వు. నేను పెట్టె మోసేవాణ్ణి," అన్నాను.

జనగామ బస్టాండులో మా బావ స్కూటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమైంది?" అన్నాడు. కుర్రాడు ఒక్క క్షణం నా వంక చూసి, "కార్డు మంచిదే నాన్నా. తప్పు నాదే. తీగె సగమే పెట్టిన," అన్నాడు.

మా బావ అరుస్తాడనుకున్నాను. ఆయన పెట్టె అందుకుని స్కూటరుమీద పెడుతూ, "పోయిన యేడు బోరు మోటరు నడుస్తలేదని ఎనిమిది వేలు పెట్టి పైకి తీపిచ్చిన. తీరా చూస్తే స్టార్టరుల తీగె లూజు. మీ అమ్మకు ఇప్పటిదాక చెప్పలె," అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో కుర్రాడు కార్డు బిగిస్తుంటే పక్కన బ్యాటరీలైటు పట్టుకుని నిలబడ్డది మా బావే. ప్లగ్గు పెట్టగానే వంగి చూసి, "రెండు ముక్కలూ పోయినయా? మల్లొకసారి నొక్కు," అన్నాడు.