డబ్బీ వేట

బ్రస్సెల్స్‌లో ఆ పూట నేను వెతుకుతున్నది అగ్గిపెట్టెంత డబ్బీ. ఎవరో దాచి అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. ఫోను పట్టుకుని వెతికి, లోపలి చీటీలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి. జియోకాషింగ్ అంటే ఇంతే. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలకు పెట్టిన మసక తీసేసిన వెంటనే ఆరిగాన్‌లో పుట్టిన దాగుడుమూతలాట.

నా ఆటలో ఆనవాళ్లన్నీ చాక్లెట్ కొట్ల దగ్గరే. 1847 నాటి సెయింట్ హ్యూబర్ట్ గ్యాలరీలో, అద్దాల కప్పు కింద, ఫోను తికమకపడింది. బాణం గుర్తు ఓసారి అటు, ఓసారి ఇటు. నేను మాత్రం న్యూహౌస్ కొట్టు ముందు ఆగిపోయాను. 1857లో అది మందుల షాపు. చేదు మందులకు చాక్లెట్ పూత పూసి ఇచ్చేవారట. (మా అమ్మమ్మ మాత్రను బెల్లంముక్కలో పెట్టి మింగించేది. విద్య అదే!) 1912లో ఆ షాపు పెట్టినాయన మనవడు మందు తీసేసి లోపల మెత్తటి తీపి నింపాడు. అదే బెల్జియం ప్రాలిన్. అవి నలిగిపోకుండా 1915లో ఆయన భార్య అట్టపెట్టె తయారుచేయించింది. నాకు ఆవిడ మీదే గౌరవం ఎక్కువ.

సాబ్లోన్ చౌకుకు చేరేసరికి అక్కడ కొన్న నా చాక్లెట్ పెట్టె ఖాళీ. బెంచీ కింద తడుముతుంటే కుక్కను తిప్పుతున్న పెద్దావిడ అనుమానంగా చూసింది. డబ్బీ దొరకలేదు. మీరు వెళితే, ముందు వెతకండి, తర్వాతే కొనండి.