బాకీ పోయింది, లియన్ ఉండిపోయింది

2023లో నేను న్యూజెర్సీలో ఐపీ పెట్టాను. ఇక్కడ చాప్టర్ 7 అంటారు. ఉద్యోగం పోవడం, భాగస్వామ్యంలో నడిపిన కర్రీ పాయింట్ మూతపడటం ఒకే ఏడాది జరిగాయి. కార్డు బాకీలు సరే సరి. కిచెన్ సామాను అరువిచ్చిన సప్లయర్ నా పర్సనల్ గ్యారంటీ పట్టుకుని కోర్టుకెళ్లి 18,000 డాలర్లకు తీర్పు కూడా తెచ్చుకున్నాడు.

పిటిషన్ పడ్డ రోజే వసూళ్లు ఆగిపోయాయి. ఫీజు 338 డాలర్లు, లాయరు ఖర్చు వేరే. కొన్ని నెలలకు డిశ్చార్జి ఆర్డరు, అంటే బాకీల నుంచి విముక్తి ఇచ్చే ఉత్తర్వు, వచ్చింది. ఊరి నుంచి అన్నయ్య ఫోన్ చేసి, "ఇంకేంరా, గండం గడిచినట్టేగా" అన్నాడు.

సగమే గడిచింది. డిశ్చార్జితో ఆ తీర్పు నా మీద చెల్లకుండా పోయింది. నా జీతం, బ్యాంకు ఖాతా జోలికి సప్లయర్ రాలేడు. కానీ అతను అంతకు చాలా ముందే తీర్పును సుపీరియర్ కోర్టులో డాకెట్ చేయించాడు, అంటే రికార్డులో నమోదు చేయించాడు. న్యూజెర్సీలో అలా చేయిస్తే రాష్ట్రంలో మన పేరున ఉన్న స్థిరాస్తి అంతటి మీదా లియన్, అంటే బాకీ కింద ఆస్తిని పట్టి ఉంచే హక్కు, పడుతుంది. తీర్పు ఆయుష్షు 20 ఏళ్లు. ఇల్లు అమ్మబోతే, మన ఈసీలో పాత తాకట్టు బయటపడ్డట్టు, టైటిల్ సెర్చిలో బయటపడుతుంది.

దాన్ని తీయించుకునే దారి దివాలా చట్టంలోనే ఉంది, సెక్షన్ 522(ఎఫ్). అయితే మనం మోషన్ వేసి అడగాలి. ఇల్లు నా ఒక్కడి పేరే. విలువ 4,10,000 డాలర్లు, హోమ్ లోన్ బాకీ 3,85,000. ఇంటి మీద నాకు దక్కే ఫెడరల్ మినహాయింపు అప్పట్లో 27,900. లోన్ బాకీ, మినహాయింపు కలిస్తేనే 4,12,900. ఇక తీర్పు లియన్‌కు చోటెక్కడిది? జడ్జి లియన్ మొత్తం కొట్టేశారు. అదే ఇంటి విలువ ఇంకో 20,000 ఎక్కువుంటే 900 డాలర్లే పోయి, మిగతా 17,100 ఇంటి మీద అలాగే ఉండేది. హోమ్ లోన్‌కు మాత్రం ఈ సెక్షన్ వర్తించదు.

మనవాళ్లు భయపడేది క్రెడిట్ స్కోరుకి. ఆ భయం నాకు తప్పు కాగితం మీద పెట్టుకున్న భయంలా కనిపిస్తుంది. దివాలా కేసు క్రెడిట్ రిపోర్టులో ఫైల్ చేసిన తేదీ నుంచి పదేళ్లు ఉండొచ్చు, అంటే నాకు 2033 దాకా. సివిల్ తీర్పులను మాత్రం క్రెడిట్ బ్యూరోలైన ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ 2017 జులై నుంచి దాదాపుగా తీసేశాయి. రిపోర్టులో తీర్పు లేదని మురిసిపోతే లాభం లేదు, లియన్ ఉండేది కోర్టు రికార్డులో.

రిపోర్టులో నాకు పనిపెట్టింది ఒక కార్డు కంపెనీ. డిశ్చార్జి అయిన ఖాతాకు బాకీ సున్నా చూపాలి. వీళ్లు పాత మొత్తమే చూపించారు. డిశ్చార్జి ఆర్డరు కాపీ జతచేసి డిస్ప్యూట్ వేస్తే దిద్దారు.

హోమ్ లోన్‌ది ఇంకో వింత. దాన్ని నేను రీఅఫర్మ్ చేయలేదు, అంటే ఆ బాకీకి మళ్లీ వ్యక్తిగతంగా పూచీ పడలేదు. ఇల్లు నిలబెట్టుకోవాలంటే వాయిదా కట్టాలి, కడుతున్నాను. కానీ బ్యాంకు ఆ వాయిదాలను క్రెడిట్ బ్యూరోలకు పంపడం లేదు. రేపు రీఫైనాన్స్‌కు వెళ్తే చూపించడానికి ప్రతి నెలా స్టేట్‌మెంటు దాచుకుంటున్నాను.