పెనుకొండ కోట, కదలని యుద్ధం

పిల్లలూ! మీలో ఎంతమంది పెనుకొండ చూశారు? చూడనివాళ్లు ఈసారి సెలవుల్లో మీ నాన్నగారినో, అన్ననో వెంటబెట్టుకుని తప్పక వెళ్లండి. పుట్టపర్తిలో బస్సెక్కితే చిత్రావతి ఒడ్డు వదిలి, బుక్కపట్నం, కొత్తచెరువు దాటి పెనుకొండ చేరుకోవచ్చు. దారి పొడుగునా శెనక్కాయ చేలు, బోడి గుట్టలు. చివరకు ఆ గుట్టలన్నిటినీ తలదన్నే కొండ ఒకటి ఎదురొస్తుంది. పెను అంటే పెద్ద. ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

నేను బడిలో ఉన్న రోజుల్లో పిల్లలను విహారయాత్రకు అక్కడికే తీసుకుపోయేవాణ్ణి. బొరుగులు, శెనక్కాయలు మూట కట్టుకుని ఎండ ముదరకముందే కొండ ఎక్కేవాళ్లం. ఒకసారి ఏడో తరగతి కుర్రవాడొకడు కోటగోడ మీద చెయ్యి వేసి, "సార్, ఇంత నిటారు కొండ, దానిమీద ఇంత గోడ! కిందివాడు ఎక్కలేడు. పైవాడు దిగితే చస్తాడు. మరి యుద్ధం ఎట్లా అయిపోతుంది?" అని అడిగాడు. నా ఉద్యోగకాలంలో నన్ను ఆలోచనలో పడేసిన ప్రశ్నలు కొన్నే. వాటిలో ఇదొకటి. ఆనాడు అక్కడే బండమీద కూర్చుని వాడికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతాను.

1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగర సేన ఓడిపోయింది. హంపీ పాడుపడింది. అప్పుడు రాజధాని పెనుకొండకు వచ్చింది. ఊళ్లో మీరు చూసే గగన్ మహల్ ఆ వైభవానికి గుర్తు. రాజధాని వచ్చిన చోటికి శత్రువులూ వస్తారు కదా! 1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా పెనుకొండను ముట్టడించాడు. ఆ తర్వాత హైదరాబాదులో చార్మినారు కట్టించినవాడు ఈయనే. కోటలో ఉన్నవాడు రెండవ వేంకటపతిరాయలు.

ఆ తర్వాత జరిగింది ఆనాటి ఫారసీ చరిత్రల్లో ఉంది. బయట ఫిరంగులున్నాయి. కాని లోపలికి దారి లేదు. లోపల వీరులున్నారు. కాని గింజలు చాలవు. రాయలు సంధి మాటలకు మంత్రులను పంపాడు. సుల్తాను సరేనని సేనను వెనక్కు తీశాడు. అంతే! మూడు రోజుల్లో కోటలోకి సరుకులు చేరాయి. జగదేవరాయలు తన సేనతో లోపలికి వచ్చేశాడు. ఇది న్యాయమేనా అని మీరు అడగవచ్చు. ఆ సంగతి మీరూ మీ నాన్నగారూ తేల్చుకోండి. సుల్తాను మళ్లీ ముట్టడి వేశాడు గాని, ఇప్పుడు తొందర ఆయనకే వచ్చిపడింది. వానకాలం ముంచుకొస్తున్నది. కృష్ణ పొంగితే వెనకదారి మూసుకుపోతుంది. చివరకు ముట్టడి ఎత్తేసి వెళ్లిపోయాడు.

చూశారా? గోడ కూలలేదు. ఎవరూ ఎవరినీ గెలవలేదు. ఎవరికి ముందు రోజులు దగ్గరపడతాయన్నదే లెక్క అయింది.

"రెండు పక్కలా గింజలు అయిపోకపోతే?" అన్నాడు మా కుర్రవాడు.

అలాంటి యుద్ధమూ ఒకటి జరిగింది. అయితే అది ఇక్కడ కాదు, ఫ్రాన్సు దేశంలో. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. అప్పటికి నిమిషానికి అయిదారు వందల గుండ్లు కక్కే మరతుపాకులు వచ్చాయి. వాటి ముందు నిలబడ్డవాడు బతకడు. అందుకని జర్మన్లు ఒకవైపు, ఫ్రెంచి, బ్రిటిషు సేనలు ఒకవైపు నేలలో నిలువెత్తు కందకాలు తవ్వుకుని దిగారు. మన కోటల చుట్టూ ఉండేదీ కందకమే. కాని దానిలో నీళ్లుంటాయి, వీటిలో మనుషులున్నారు. కందకం ముందు ముళ్లకంచె కట్టారు. దాగి కూర్చున్నవాడికి బలం, బయటికి వచ్చినవాడికి చావు. పెనుకొండలో పైకి లేచిన గోడ చేసిన పనే అక్కడ కిందికి తవ్విన గొయ్యి చేసింది.

పెనుకొండను చుట్టుముట్టవచ్చు. ఆ కందకాలను చుట్టుముట్టడం కుదరదు. ఒక కొస ఉత్తర సముద్రం, రెండో కొస స్విట్జర్లాండు. నడుమ సుమారు 700 కిలోమీటర్లు. పైగా రెండు పక్షాలకూ వెనక రైళ్లున్నాయి. రొట్టె, మందుగుండు, కొత్త సిపాయిలు, అన్నీ రైళ్లలో దిగుతూనే ఉన్నాయి.

1915 మార్చి 10న న్యూవ్ షాపెల్ అనే పల్లె దగ్గర బ్రిటిషు సేన దాడి చేసింది. దాడి చేసినవాళ్లలో దాదాపు సగం మంది మన భారతీయ సిపాయిలే. అరగంటకు పైగా ఫిరంగులు మోగాయి. కొన్ని గంటల్లో పల్లె చేతికి వచ్చింది. మరి ముందుకు ఎందుకు పోలేదు? టెలిఫోను తీగలు తెగిపోయాయి. ఉత్తర్వులు రావడానికి గంటలు పట్టింది. గెలిచినవాడు గోతులు పడ్డ నేలమీద ఫిరంగిని ఈడ్చుకుంటూ కాలినడకన పోవాలి. ఓడినవాడికి సాయం రైలులో వస్తుంది. జర్మన్లు వెనక మరో వరస బిగించుకున్నారు. మార్చి 13కు దాడి ఆగిపోయింది. లోపలికి చొచ్చుకుపోయింది రెండు కిలోమీటర్లైనా లేదు. బ్రిటిషు, భారత సేనల్లో చనిపోయినవారు, గాయపడినవారు, జాడ తెలియనివారు కలిసి 11,000 పైచిలుకు. ఫ్రాన్సు, బెల్జియం రణరంగాల్లో సమాధి కూడా తెలియకుండా పోయిన 4,700కు పైగా భారతీయుల పేర్లు ఈనాటికీ ఆ పల్లెలోని స్మారకం మీద చెక్కి ఉన్నాయి.

అలా నాలుగేళ్లు. 1916లో ముళ్లకంచెలను తొక్కుకుపోయే టాంకులు వచ్చాయి. తర్వాత అమెరికా సేనలు వచ్చాయి. ఈలోగా బ్రిటిషు ఓడలు సముద్రం మీద జర్మనీకి వచ్చే సరుకులను అడ్డగించాయి. అంటే ఒక దేశం మొత్తాన్నే కోటలాగా ముట్టడించారన్నమాట! 1916-17 చలికాలంలో అక్కడి ఇళ్లలో పశువులకు వేసే దుంపలు వండుకు తిన్నారు. మీవంటి పిల్లలే ఎంతోమంది ఆకలికి చిక్కి శల్యమయ్యారు. 1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి.

నేను ఇంతవరకు చెప్పి ఆగాను. పిల్లలెవరూ బొరుగుల మూట విప్పలేదు. అంతలో కింద, గొంగళిపురుగంత కనబడుతూ, గూడ్సుబండి ఒకటి పెనుకొండ స్టేషను వైపు పోతున్నది. మా ఏడో తరగతివాడు లేచి నిలబడి, దాని పెట్టెలను చివరిదాకా లెక్కపెట్టాడు.